ఆరు లక్షల్ల కారు... మీరడిగిన్రు, నేను చెప్తున్న

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల ముప్పావు భాగం చిన్న కార్ల మీదనే. ఎందుకో తెల్వంది గాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లు దాటని, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉన్నది కాస్త 18కి దిగింది, ఇగ బైకు మీద తిరిగెటోళ్లందరు షోరూం దిక్కు చూస్తున్నరు. అన్నిటికి జాగ లేదు, ఒక్క తీరుగ ఉన్న ప్రశ్నలను కలిపి రాసిన, ఏమనుకోకున్రి.

అన్నా నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. ఈసారి మిర్చి మంచి రేటుకే పోయింది, చేతిల ఆరు లక్షలున్నయ్. అవ్వ, బాపు, నేను, నా భార్య, ఒక పిల్లగాడు. ఐదున్నర లక్షలకే కారని పేపర్ల చూసిన. తీసుకోవచ్చా? ఏది మంచిది?
– రైతు, పరకాల

తమ్మీ, పేపర్ల వేసింది ఎక్స్-షోరూం ధర. ఆ ధరకు కారు షోరూం గేటు గూడ దాటది. మన తెలంగాణల లైఫ్ ట్యాక్స్ ఐదు లక్షల లోపు బండికి 13 శాతం, ఐదు దాటితె పది దాక 14 శాతం, అంటె ఐదున్నర లక్షల కారుకు ట్యాక్సే 77 వేలు. నీ పేరు మీద ఇంతకుముందే కారుంటె ఇంకో 2 శాతం ఎక్కువ. కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేండ్లది ఒక్కసారే కట్టాలె, 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు ఇంజన్‌కు 6,521 రూపాయలు, 1000 దాటి 1500 దాక 10,640, జీఎస్టీ వేరే. మన బండికి దెబ్బ తాకితె వచ్చే ఇన్సూరెన్స్ మళ్ల అదనం. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ అన్ని కలిపితె ఆ ఐదున్నర కారు రోడ్డెక్కెటాళ్లకు ఆరున్నర దాటుతది. నీ చేతిల ఆరున్నయంటె నువ్వు చూడాల్సింది ఐదు లోపు ఎక్స్-షోరూం బండి, అంతకు మించితె అప్పే.

కొటేషన్ కాయితం ఇంటికి తెచ్చుకొని ఒక్కొక్క లైను చదువు. మా తమ్ముడు కొన్నప్పుడు ఒక షోరూమోళ్లు (పేరెందుకు లే) హ్యాండ్లింగ్ ఛార్జీలని ఎనిమిది వేల చిల్లర రాసిన్రు. ఇదేంది అంటె "అందరు కడ్తున్నరు సార్" అన్నడు ఆ పిల్లగాడు. సరే, ఇది దేనికో లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టియ్యున్రి అన్న. లోపలికి పోయి వచ్చిండు, కొట్టేసిండు. ఇన్సూరెన్స్ గూడ వాళ్ల దగ్గరనే తీసుకోవాలని రూలేం లేదు, బయట రేటు అడిగి పెట్టుకో, ఆ కాయితం చూపిస్తె వాళ్లే తగ్గిస్తరు.

ఇగ ఏ కారు అంటవా. మీ అవ్వను తోలుకొని పో షోరూంకు. నేను నవ్వులాటకు చెప్తలేను. పోయినేడు మా మేనత్తను తీస్కపోయిన, ఆమెకు రెండు మోకాళ్లు నొస్తయి. ఎత్తు తక్కువున్న కార్ల ముందు తల పెట్టింది, తర్వాత ఒక కాలు పెట్టింది, ఇగ రెండో కాలు రాదు, డోర్ పట్టుకొని అట్లనే వంగి నిలబడ్డది. పక్కన ఎత్తు సీటున్న కారుకు తీస్కపోతె ఈపు తిప్పి గద్దె మీద కూసున్నట్టు కూసున్నది, ఆ తర్వాత నిమ్మళంగ కాళ్లు లోపలికి తిప్పుకున్నది. సేల్స్ పిల్లగాడు అప్పటికి టచ్ స్క్రీన్ల పాటలెట్ల వస్తయో చూపెడ్తుండు, మా మేనత్త ఒక్కటే అడిగింది "బిడ్డా, నీళ్ల సీసా యాడ పెట్టాలె?" అని.

నీ ధరల ముందుగ కనపడేది మారుతి ఆల్టో కె10. 998 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, పొడవు మూడున్నర మీటర్లు, ఇద్దరు ముగ్గురికి బంగారం లెక్క పనికొస్తది, బజార్ల యాడ జాగ దొరికితె ఆడ పెట్టొచ్చు. కాని డిక్కీ 214 లీటర్లే, వెనక ముగ్గురు కూసుంటె భుజాలు రాసుకుంటయి. అదే కంపెనీది సెలెరియో డిక్కీ 313, వ్యాగన్ ఆర్‌ది 341 లీటర్లు, లీటర్ ఇంజన్ ఈటికి గూడ వస్తది. ఎక్కి దిగుడుకు వ్యాగన్ ఆర్ అంత సుఖం ఈ రేటుల ఇంకోటి నాకు కనపడలె. ఐదుగురు, అందుల ఇద్దరు పెద్దమనుషులు అంటె నేనైతె తక్కువ వేరియంట్ అయినా దాని దిక్కే పోత. కాని కింద కాజీపేటాయన సేఫ్టీ స్టార్ల గురించి అడిగిండు, అది చదివినంకనే అడ్వాన్స్ కట్టు.

ఇంకోటి, కొత్త కార్ల మిర్చి బస్తాలు మాత్రం వేసుకొని రాకు. ఆ ఘాటు సీటు గుడ్డలకు పడితె ఏసీ వేసినప్పుడల్లా ఇంటిల్లిపాది తుమ్ముడే.

నేను టీచర్ని. హనుమకొండ నుంచి ములుగు దిక్కు రోజు అప్ అండ్ డౌన్. మొత్తం 100 కిలోమీటర్ల దాక అవుతది. పెట్రోలా, సీఎన్జీనా?
– టీచర్, హనుమకొండ

మేడం, మీకు సీఎన్జీనే. లెక్క చూడున్రి. పెట్రోల్ లీటర్ 108 అనుకుందాం, నిజంగ వచ్చే మైలేజ్ 17, అంటె కిలోమీటర్‌కు 6 రూపాయల 35 పైసలు. సీఎన్జీ కిలో 95 అనుకొని 25 కిలోమీటర్లు వస్తె 3 రూపాయల 80 పైసలు. తేడా రెండున్నర రూపాయలు. సీఎన్జీ బండికి ముందుగాల 92 వేలు ఎక్కువ పెట్టిన్రనుకోండి, అది తిరిగి రావాలంటె 36 వేల కిలోమీటర్లు తిరగాలె. మీరు నెలకు 2,400 తిరుగుతరు, పదిహేను నెలలల్ల వచ్చేస్తది. అదే నెలకు 500 తిరిగెటోళ్లకు ఆరేండ్లు పడ్తది, ఆరేండ్లకు ఆ కారు వాళ్ల దగ్గర ఉంటదో ఉండదో. వీళ్లు గూడ సీఎన్జీ కావాలని కొట్లాడుతరు, ఎందుకో నాకు ఇప్పటిదాక సమజ్ కాలె.

బంకు మీ రూట్ల ఉన్నదా, పొద్దున ఎంత లైను ఉంటదో రెండు రోజులు ఆగి చూసుకోండి. స్కూలుకు లేటయితె హెడ్మాస్టర్‌కు సీఎన్జీ లైను కథ చెప్తె వినడు గదా. 60 లీటర్ల సిలిండర్ ఒక్కటే పెట్టిన కారుకు డిక్కీ మర్చిపోండి. టాటా వాళ్లు 30 లీటర్లవి రెండు చిన్నయి డిక్కీ కింద పండబెట్టిన్రు, అందుకని సంచులకు కొంచెం జాగ మిగుల్తది. సిలిండర్‌కు మూడేండ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటె నీళ్ల ప్రెషర్ పెట్టి గట్టిగున్నదా చూసే టెస్ట్, చేయించాలె, మర్చిపోకున్రి.

కరెంటు కారు గురించి గూడ అడిగిన్రు. 2026 డిసెంబర్ 31 దాక మన రాష్ట్రంల వాటికి లైఫ్ ట్యాక్స్ మాఫీ ఉన్నది, మీ తిరుగుడుకు లెక్క కుదుర్తది. కాని అపార్ట్‌మెంట్ల కింద ఛార్జింగ్ పాయింట్ పెట్టనిస్తరా అని ముందు మీ అసోసియేషనోళ్లను అడగండి, షోరూమోళ్లను తర్వాత.

సార్, మా ఆవిడ సేఫ్టీ స్టార్లు లేని కారు వద్దంటది, మా నాయిన మైలేజ్ లేని కారు వద్దంటడు. నేను ఎటు పోవాలె? ఆటోమేటిక్ తీసుకోవచ్చా, కాజీపేట బ్రిడ్జి మీద రోజు జామే.
– ప్రైవేట్ ఉద్యోగి, కాజీపేట

మీ ఆవిడ దిక్కు పోండి. ఇంట్ల శాంతి కోసం అని గాదు. కార్లను గుద్దించి చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ టెస్టులల్ల 2020ల టాటా టియాగోకు నాలుగు స్టార్లు వచ్చినయి, 2021ల టాటా పంచ్‌కు ఐదు. 2023ల ఆల్టో కె10కు రెండు, వ్యాగన్ ఆర్‌కు ఒక్కటి. 2025 నుంచి ఆ రెండిట్ల ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లల్ల ఇస్తున్నరు, మంచిదే, కాని బ్యాగులు పెరిగినంత మాత్రాన కారు డొక్క గట్టిపడదు, ఆ టెస్టుల చూసేది రెండూను. ఇంకా సంగతేందంటె వెనక సీట్ల కూసున్నోళ్లు బెల్టు పెట్టుకోకపోతె ఐదు స్టార్లయినా ఆకాశంల స్టార్లయినా ఒక్కటే. మనోళ్లు వెనక బెల్టు బకిల్‌ను సీటు సందుల దోపి, పైన టవల్ పరుస్తరు, ఎన్ని కార్లల్ల చూసిన్నో.

ఊర్లెనే తిరిగి, నెలకోసారి హైదరాబాద్ పోయొచ్చెటోళ్లకు, హైవే మీద గంటకు ఎనభై తొంభైల పోతరు గాబట్టి, నా ఓటు టియాగోకు. మైలేజ్ వ్యాగన్ ఆర్ కంటె రెండు మూడు తక్కువ ఇస్తది, అది మీ నాయినకు నేను చెప్పిన్నని చెప్పండి. బ్రోచర్ల రాసే నంబర్ ల్యాబుల తీసింది, ఆల్టోకు 24.39 అని ఉంటది, హనుమకొండ చౌరస్తాల ఏసీ వేసుకొని తిరిగితె 16, 17 వస్తె గొప్ప. ఇప్పుడొచ్చే పెట్రోల్ల 20 శాతం ఇథనాల్, దాంట్ల శక్తే తక్కువ, గందుకే పాత బండ్లోళ్లు మైలేజ్ పడ్డదని మొత్తుకుంటున్నరు.

ఆటోమేటిక్ అంటె ఈ రేటుల వచ్చేది ఏఎంటీ. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కుడు గేరు మార్చుడు మిషన్ చేస్తది, మన దేశంల 2014ల సెలెరియోతోనే మొదలైంది. గేరు మారినప్పుడల్లా చిన్నగ తల ఊగుతది, వారంల అలవాటైపోతది. కాని బ్రిడ్జి ఎక్కుడు మీద జామ్ అయితె యాక్సిలరేటర్ తోని బండిని ఆపి పట్టుకోకున్రి, క్లచ్ కాలిపోతది. బ్రేకు తొక్కి ఆగాలె, ముందు బండి కదిలినంకనే వదలాలె. మీ మోకాలుకు సుఖమే, తీసుకోండి.

సన్‌రూఫ్ ఉన్నది తీసుకోమంటరా?
– డిగ్రీ స్టూడెంట్, జమ్మికుంట

మే నెల ఎండల జమ్మికుంటలనా? వద్దు బిడ్డా.

కొత్త ఆల్టో ధరకే ఐదేండ్ల పాత స్విఫ్ట్ వస్తుంది, వరంగల్ బండే. తీసుకోవచ్చా?
– మొబైల్ షాపు ఓనర్, నర్సంపేట

తీసుకోవచ్చు. నన్నడిగితె చాలా మందికి కొత్త చిన్న కారు కంటె మంచిగ చూసుకున్న పాత పెద్ద కారే నయం. కాని వరంగల్ బండి అన్నవు చూడు, ఆడనే ఆగు. 2023 జులైల హంటర్ రోడ్ దిక్కు కాలనీలు మునిగినయి, 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుఫానుకు మళ్ల మునిగినయి. ఆ నీళ్లల్ల నిలబడ్డ కార్లు కడిగి, పాలిష్ కొట్టి, సెంటు కొట్టి అమ్మకానికి వస్తయి.

నేను పోయిన సంవత్సరం ఒకటి చూసిన. బయట అద్దం లెక్క మెరుస్తుంది, లోపల మల్లెపూల వాసన, అంత వాసన ఎందుకా అని నాకు అనుమానం. వెనక సీటు బెల్టు పట్టుకొని చివరి దాక లాగిన. బయటికి కనపడే మూరెడు తెల్లగ ఉన్నది, ఆ తర్వాత రీల్ లోపల చుట్టుకొని ఉండే భాగం మీద అడ్డంగ ఎర్రమట్టి గీత. బెల్టు ఎవ్వడు కడగడు. డిక్కీల స్టెప్నీ లేపి చూస్తె దాని కింద గుంతల ఒండు ఎండి పెచ్చులు లేచింది. ఏజెంట్ "అది దుమ్ము అన్నా" అన్నడు. నేను ఏమనలె, చెప్పులేసుకొని వచ్చిన.

నువ్వు గూడ ఆ రెండు చూడు, కింద కార్పెట్ లేపి సీటు బోల్టులకు తుప్పు పట్టిందా చూడు, పాత ఇన్సూరెన్స్ క్లెయిములు ఏమున్నయో పాలసీ నంబర్ తోని కంపెనీల అడుగు. లోన్ల తీసుకున్న బండయితె లోన్ తీరిందని బ్యాంకు సంతకం పెట్టిన ఫారం 35, అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ చేతికి రాకుండ పైసలు మొత్తం ఇయ్యకు. ఆర్‌సీ నీ పేరు మీదికి మారేదాక ఎవరన్న ఎంతన్న చెప్పనీయి.

డౌన్ పేమెంట్ లక్షనే ఉంది. ఐదు లక్షల లోన్ ఏడేండ్లు పెట్టుకుంటె ఈఎంఐ తగ్గుతది గదా?
– సింగరేణి కాంట్రాక్ట్ కార్మికుడు, భూపాలపల్లి

తగ్గుతది. 9 శాతం వడ్డీకి ఐదేండ్లయితె నెలకు 10,379, ఏడేండ్లయితె 8,045. నెలకు 2,300 మిగిలినట్టు కనపడ్తది, కాని మొత్తం మీద వడ్డీ 53 వేలు ఎక్కువ కడ్తవు. ఏడో ఏడు వరకు కారుకు టైర్లు, బ్యాటరీ మార్చుడొస్తది, అప్పుడు గూడ ఈఎంఐ పోతనే ఉంటది. తమ్మీ, ఇంకో ఏడాది ఆగి రెండు లక్షలు జమ చేసుకో, లేకపోతె పైన చెప్పినట్టు పాత బండి చూడు. కోపం రాకు.

అన్నా, ఆల్టోల ఆరుగురం మేడారం పోవచ్చా?
– పేరు రాయలే, వరంగల్

బెల్టులు ఐదే ఉన్నయి. పోను వంద కిలోమీటర్లు, ముందట ఇద్దరు, వెనక నలుగురు, డిక్కీల అమ్మవార్లకు బంగారం, అంటె బెల్లం, నిలువెత్తు అయితె ఒక మనిషి బరువుంటది. 214 లీటర్ల డిక్కీల అది పెడితె మీ సంచులు ఒళ్ల పెట్టుకోవాలె, తాడ్వాయి అడవిల స్పీడ్ బ్రేకర్లకు అడుగు తాకుతనే ఉంటది. హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సున్నది, ఎక్కున్రి. పోయొచ్చినంక కార్ల చీమలు గూడ పట్టయి.