పాత నెగటివ్‌లలో బెజవాడ

ప్రశ్న: మా నాన్నగారి ట్రంకుపెట్టెలో 35 మి.మీ. కెమెరాతో పాటు, వెనిగర్ వాసన వేస్తున్న నలుపు-తెలుపు నెగటివ్‌ల కట్ట దొరికింది. ప్రకాశం బ్యారేజీ కనిపిస్తున్న ఆ చిత్రాలు ఏనాటివో తెలుసుకొని, అవే చోట్ల నుంచి మళ్లీ ఫిల్ముతోనే తీయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: ముందు నెగటివ్‌ల సంగతి చూడండి, కెమెరా కొన్నాళ్లు ఆగగలదు. ఆ వాసన ఎసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము క్షీణిస్తున్నదనడానికి గుర్తు. ఆ క్షీణతను వెనక్కు తిప్పలేము గాని, చల్లని, పొడి చోట ఉంచి నెమ్మదింపజేయవచ్చు. మన కృష్ణాతీరపు ఉక్కలో బిగించిన ప్లాస్టిక్ సంచులు వద్దు. వాసన వేస్తున్నవాటిని తక్కినవాటి నుంచి విడదీసి, ఆమ్లరహిత కాగితపు కవర్లలో పెట్టి, వెంటనే స్కాన్ చేయించండి.

కాలనిర్ణయం, నా మట్టుకు, అన్నింటికంటే సరదా అయిన పని. బ్యారేజీ 1957లో పూర్తయింది. గాంధీ కొండ మీది 52 అడుగుల స్తూపం 1968లో ఆవిష్కృతమైంది. కాబట్టి బ్యారేజీ ఉండి, కొండ శిఖరం స్పష్టంగా కనబడుతున్నా స్తూపం లేని చిత్రమేదైనా ఉంటే, అది ఆ రెంటి నడుమ కాలానిదే.

మళ్లీ తీసేటప్పుడు లెన్సు కంటే నిలబడే చోటు ముఖ్యం: బ్యారేజీ స్తంభాలు, వెనుక కొండల అంచు పాత ప్రింటులో ఎలా కలిశాయో అలా కలిసేదాకా జరగండి. ఇంద్రకీలాద్రి పాదం దగ్గర మాత్రం 2020లో తెరిచిన ఫ్లైఓవర్ దృశ్యాన్నే మార్చివేసింది. నిండు ఎండలో 100 ఐఎస్‌ఓ (ఫిల్ము కాంతిని గ్రహించే శక్తికి కొలమానం) ఫిల్ముకు ఎఫ్/16 అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), సెకనులో 125వ వంతు షట్టర్ వేగం సరిపోతుంది. అయితే పాత షట్టర్లు బద్ధకించి, చెప్పిన వేగం కంటే నెమ్మదిగా మూసుకుంటాయి గనుక మొదటి రీలును పరీక్షకే కేటాయించండి.