కావలిలో బ్రేక్ షెడ్డు పెడుతున్నవారికి: టూల్ బిట్లు తర్వాత, ముందు స్టార్టర్ చూడండి

కావలి బైపాస్ పక్కన షెడ్డు తీసుకున్నానని, సెకండ్‌హ్యాండ్‌లో డ్రమ్ము లేత్ (బ్రేకు డ్రమ్మును తిప్పుతూ లోపలి ముఖాన్ని నున్నగా కోసేది), రివిటింగ్ మిషను (బ్రేకు షూకి లైనింగు, అంటే రాపిడి పట్టీ, రివెట్లతో బిగించేది), సానరాయి కొన్నానని, పనికి ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుంటున్నానని రాశారు. ప్రమాదం లేకుండా నడపాలంటే ఏం చూసుకోవాలని అడిగారు. నేను నెల్లూరు ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కృష్ణపట్నం పోర్టు టిప్పర్లు, రొయ్యల బండ్లు, చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే ట్రైలర్లు ఎక్కువగా వస్తాయి మా దగ్గరికి. చూసిందీ చేసిందీ రాస్తున్నాను.

మీ మిషన్లకి కరెంటు ఎట్టా ఇచ్చారో ముందు చూడండి. పాత లేత్‌తో పాటు చాలాసార్లు మామూలు రోటరీ స్విచ్చే వస్తుంది. పని మధ్యలో కరెంటు పోతే లేత్ ఆగిపోతుంది గానీ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. ఎండాకాలంలో మనకి కరెంటు ఎట్టా పోయి వస్తుంటుందో చెప్పక్కర్లేదు. ఆగింది కదా అని ఈలోపు డ్రమ్ము నట్టు విప్పడానికో, కోసే బిట్టు మార్చడానికో చెయ్యి పెడతాం. అదే క్షణంలో కరెంటు వస్తుంది. నేను పని నేర్చుకున్న షెడ్డులో పెద్ద మేస్త్రీకి రెండు వేళ్లు ఇట్టాగే పోయాయి. ఆగి ఉన్న మిషను మీద చెయ్యి పెట్టడమే ఆయన చేసింది.

దీనికి మందు నో-వోల్ట్ కాయిల్ ఉన్న డీఓఎల్ స్టార్టర్ (మోటారుని నేరుగా లైను కరెంటు మీద నడిపే బటన్ల పెట్టె). కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది. తిరిగి కరెంటు వచ్చినా మీరు పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. అయితే ఇక్కడ మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. బోరు మోటార్ల స్టార్టర్లకి రైతులు ‘ఆటో’ (కరెంటు రాగానే దానంతటదే మోటారు ఆన్ చేసేది) పెట్టించుకుంటారు, రాత్రిపూట కరెంటు వస్తే లేచి పొలానికి పోయే పని లేకుండా. చవగ్గా దొరికిందని అలాంటి పాత స్టార్టర్ తెచ్చి లేత్‌కి బిగిస్తే, తప్పించుకోవాలనుకున్న ప్రమాదాన్నే డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు. లోపల ఆటో ఉంటే తీసేయించండి. తర్వాత డ్రమ్ము లేకుండా లేత్‌ని ఖాళీగా తిప్పి, మెయిన్ తీసి, కొంచెం ఆగి మళ్లీ వేయండి. కదలకూడదు. కదిలితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ లేత్ మీద పని చేయకండి. సానరాయికి కూడా ఇదే పరీక్ష. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఎర్ర స్టాప్ బటన్ ఒకటి, నిలబడిన చోటు నుంచి చెయ్యి చాపితే అందేలా పెట్టించండి. బెల్టు మార్చేటప్పుడు మెయిన్ ఆపడంతో సరిపెట్టకుండా ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, ఎవరో తెలియక ఆన్ చేసే అవకాశం ఉండదు. బండ్లు కడిగి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ గట్టిగా చేయించండి. హ్యాండ్ గ్రైండర్ ప్లగ్గుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి.

ఇప్పుడు లేత్. లారీ డ్రమ్ము 40 కేజీల పైమాటే. దాన్ని ఇద్దరు ఎత్తి ఆర్బర్‌కి (లేత్ ఇరుసుకి) తగిలించబోతే నడుమో, కాలి వేళ్లో పోతాయి. పైన ఐ-బీము వేసి చైన్ పుల్లీ పెట్టండి. డ్రమ్మును ఇరుసు మధ్యలో నిలిపే కోన్లు సరిగ్గా కూర్చున్నాయా అని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే స్టార్ట్ చేయాలి. అంతకంటే ముందు డ్రమ్మును వేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టండి. గణగణమంటే సరే, బొంగురుగా మోగితే పగులుంది. లోడుతో ఘాట్ దిగిన ట్రైలర్ల డ్రమ్ముల్లో వేడికి పగుళ్లు మామూలే. పగిలిన డ్రమ్మును లేత్ ఎక్కించకూడదు, ఓనరు ఎంత బతిమాలినా సరే. ఎంత వరకు కోయొచ్చో ఆ గరిష్ఠ వ్యాసం సాధారణంగా డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది. డిస్కుకైతే కనీస మందం. ఆ గీత దాటితే మీ షెడ్డులో ప్రమాదం జరగదు, రోడ్డు మీద జరుగుతుంది. మైక్రోమీటర్ కొనండి, కంటి అంచనా పనికిరాదు.

కుర్రాళ్లకి మొదటిరోజే మానిపించాల్సిన అలవాటు ఒకటుంది. కోత అయ్యాక నున్నగా రావడం కోసం ఎమరీ కాగితం వేళ్లతో పట్టుకుని తిరుగుతున్న డ్రమ్ము లోపల పెడతారు. కాగితం పట్టేసుకుంటే వేళ్లనీ లాక్కుపోతుంది. లేత్ ఆపి రుద్దమనండి, నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతేగా. పోత ఇనుము పొట్టు పొడిగా రాలుతుంది. దాన్ని బ్రష్షుతో తీయాలి, నోటితో ఊదకూడదు. కళ్లద్దాలు లేనివాణ్ని లేత్ దగ్గరికి రానివ్వకండి. కంట్లో రజను పడితే తువ్వాలు కొసతో తీసేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. తీయనివ్వకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తిరిగే మిషను దగ్గర గ్లవ్స్ వద్దు. గ్లవ్స్ డ్రమ్ములు మోసేటప్పుడు. లుంగీ, మెడలో తువ్వాలు, చేతి దారాలు, గొలుసులు ఏవీ ఉండకూడదు. కార్తీకం వస్తే మన దగ్గర సగం మంది కుర్రాళ్లు అయ్యప్ప మాల వేస్తారు. మాల తీయమని అడగడం సబబు కాదు, నేను అడగను కూడా. ఆ 41 రోజులూ వాళ్లకి లేత్, సానరాయి కాకుండా బ్రేకు షూ విప్పడం, బిగించడం, బ్రేకు సెట్టింగు లాంటి పనులు ఇస్తాను. వాళ్లూ మనసులో బాధ పడరు.

పొడి గురించి కాస్త గట్టిగా చెబుతాను, ఎందుకంటే దాని దెబ్బ ఆరోజు కనిపించదు. డ్రమ్ము ఊడదీయగానే ఎయిర్ గన్‌తో ఊదడం హైవే పొడుగునా ఉన్న అలవాటు. బూడిద రంగు మబ్బు లేస్తుంది, అందరూ పీలుస్తారు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మన దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించలేదు. అది ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ లాంటివి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత బయటపడతాయి. అంటే ఇప్పుడు మీ దగ్గర పనికొచ్చే కుర్రాడికి, వాడి పిల్లల పెళ్లిళ్ల వయసులో. ఊదడం పూర్తిగా ఆపండి. సబ్బునీళ్లు మెల్లగా చల్లి, తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే కవర్లో కట్టేయండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనరు సన్నపొడిని వెనక నుంచి మళ్లీ గాలిలోకే వదులుతుంది, హెపా ఫిల్టరు (సన్నపొడిని కూడా పట్టి ఆపేది) ఉన్నదే పనికొస్తుంది. లైనింగు గ్రైండింగ్ మిషనుకి దుమ్ము లాగే గొట్టం లేకపోతే ఆ పని బయట చేయించుకోవడమే మేలు. మూతికి కట్టే చేతిరుమాలు ఈ పొడిని ఆపదు. పని బట్టలు షెడ్డులోనే విప్పాలి, అన్నం తినే చోటు వేరేగా ఉండాలి. కొత్తగా కొనేటప్పుడు నాన్-ఆస్బెస్టాస్ అని రాసి ఉన్న లైనర్లే తీసుకోండి.

రివిటింగ్ మిషనుకి ఒకటే మాట. బ్రేకు షూ పట్టుకున్నవాడే పెడల్ తొక్కాలి. ఒకడు పట్టుకుని ఇంకొకడు తొక్కితే వేలు నలగడం ఖాయం. సానరాయికి రెస్టుకీ (పనిముట్టు ఆనించే పట్టీకీ) రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. కొత్త రాయి మీద రాసిన ఆర్‌పీఎం మోటారు వేగం కంటే తక్కువ ఉంటే ఎక్కించొద్దు. ఎక్కించాక మొదటి నిమిషం పక్కకి నిలబడి తిప్పాలి. రాయి పక్క ముఖం మీద సాన పట్టకూడదు.

మీరు అడగలేదు గానీ, పెద్ద బండ్లు వస్తాయి కాబట్టి చెప్పాలి. ఎయిర్ బ్రేకు బండ్లలో పార్కింగ్ చాంబరు (బండి ఆపినప్పుడు బ్రేకు పట్టి ఉంచే డబ్బా) లోపల స్ప్రింగు ఉంటుంది. నొక్కిపెట్టిన ఆ స్ప్రింగుకి వందల కేజీల బలం. కేజింగ్ బోల్టు వేసి స్ప్రింగును బంధించకుండా చాంబరును బండి నుంచి విప్పకూడదు. ఇక దాని క్లాంపు విప్పి లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) మార్చే ప్రయత్నం షెడ్డులో అసలు వద్దు, చాంబరు మొత్తం మార్చేయండి.

ఆ ఇద్దరు కుర్రాళ్ల వయసు మీరు రాయలేదు. 14 ఏళ్లు నిండకపోతే పనిలో పెట్టుకోవడమే నేరం. 14 నుంచి 18 మధ్య వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో చట్టం మార్చారు. ఆధార్ చూసి, 18 దాటినవాళ్లనే మిషన్ల దగ్గర నిలబెట్టండి. దాటినా మొదటి నెల మీ కళ్ల ముందే చేయించండి. మీరు టిఫినుకి వెళ్లినప్పుడు లేత్ మెయిన్ ఆపి వెళ్లండి.