సముద్రంలో వేడిని మోసేది తరంగమా, ప్రవాహమా?

సందేహం: ‘వెచ్చని సముద్ర తరంగాల వల్ల నార్వే రేవులు చలికాలంలోనూ గడ్డకట్టవు’ అని ఒక వ్యాసంలో చదివాను. ప్రవాహాలు అనవద్దా? ఆ మాట నదికే చెల్లుతుందని మా అబ్బాయి వాదన. – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీ అనుమానం సరైనదే. తరంగం, అల, కెరటం నీరు లేచి పడడాన్ని చెప్పే మాటలు. నడిసముద్రంలో అల సాగిపోతుంది గాని నీరు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అది నార్వే దాకా వేడినెలా మోస్తుంది? పోటుపాట్ల సంగతి వేరు, అది ముఖ్యంగా చంద్రుడి పని.

మోయడం ‘ప్రవాహం’ పుట్టుకలోనే ఉంది. ‘వహ్’ ధాతువు నుంచే వాహనం, వాహిని, వివాహం వచ్చాయి. పురాణాల్లోని సప్తవాయువుల పేర్లు చూడండి: ఆవహం, ప్రవహం, ఉద్వహం, సంవహం, వివహం, పరివహం, పరావహం. ధాతువొకటే, ఉపసర్గలే వేరు. గ్రహాలను తిప్పేది ప్రవహవాయువేనంటుంది సూర్యసిద్ధాంతం. గాలికి ప్రవహం, నీటికి ప్రవాహం! ఈ చుట్టరికం నాకెంతో ఇష్టం, ఎందుకంటే సముద్రం పైపొర నీటిని నడిపేది ప్రధానంగా గాలే. పసిఫిక్‌లో వ్యాపార పవనాలు వెచ్చని నీటిని పడమటికి, ఇండోనేషియా వైపు నెడతాయి. అవి నీరసిస్తే ఆ వెచ్చదనం తూర్పుకు, పెరూ వైపు మళ్లుతుంది. దానితోపాటు వాన కురిసే చోటూ జరుగుతుంది. అదే ఎల్‌నినో. 2002, 2009, 2015లలో మన దేశానికి వానలు తగ్గింది ఆ వేళలోనే. 1997లో మాత్రం బలమైన ఎల్‌నినో ఉన్నా నైరుతి వానలు సగటుకు తగ్గలేదు. ప్రతి కరువునూ దాని నెత్తిన రుద్దే వార్తారచయితలు ఇది గుర్తుంచుకోవాలి.

మీ అబ్బాయితో చెప్పండి: నదికి గట్లు కావాలి, ప్రవాహానికి అక్కర్లేదు. మీ ఊరి ముందున్న బంగాళాఖాతంలోనే తీరం వెంట నీరు వేసవి తొలినాళ్లలో ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి పారుతుంది. దిక్కు మారినా అది ప్రవాహమే.

కవి ‘వెచ్చని తరంగాలు’ అంటే నేను అడ్డు చెప్పను. శాస్త్రవ్యాసంలో మాత్రం ‘సముద్ర ప్రవాహం’ అనడమే మేలు. ఇక ‘నినో’ అంటారా, స్పానిష్ పలుకుబడి ‘నీన్యో’, అంటే బాలుడు. క్రిస్మస్ వేళ వచ్చే వెచ్చని ప్రవాహానికి పెరూ జాలరులు పెట్టుకున్న బాలయేసు పేరు. తెలుగులో ‘నినో’ పాతుకుపోయింది, మార్చమని పట్టుబట్టను. కానీ ‘ఎల్‌నినో తుపాను’ అని రాస్తున్నారే, అది తప్పు. ఎల్‌నినో తుపాను కాదు.