బడి వదిలినా బరువు దిగని వేళ

ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ప్రశ్న: నా వయసు 43. తెనాలికి దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళి రావాలి. పాఠం చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు గాని, దానికి తోడు సమీక్షలు, ఫోనులో హాజరు వేయడం, ఫొటోలు ఎక్కించడం, ఇంటికి వచ్చాక అత్తగారి మందులు, ఇంటర్ చదివే అబ్బాయి వ్యవహారాలు ఉంటాయి. సాయంత్రం ఆరు దాటితే ఎవరు పలకరించినా విసుక్కుంటున్నాను. మెడ, భుజాలు బిగుసుకుపోతున్నాయి. పడుకోగానే రేపటి పనులన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడుతున్నాయి. థైరాయిడ్, రక్తహీనత, షుగరు, బీపీ పరీక్షలు చేయించాను; ఏ తేడా లేదన్నారు. మందుల జోలికి పోకుండా దీన్ని తగ్గించుకునే మార్గం చెప్పగలరా?
ఒక ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా పరీక్షలు చేయించుకుని మంచి పని చేశారు. థైరాయిడ్ అతిగా పనిచేసినా, రక్తం తగ్గినా గుండెదడ, చిరాకు, అలసట ఇలాగే ఉంటాయి కనుక, అవి లేవని తేలిన తరువాతే ఒత్తిడి మాట ఎత్తాలి.

మీ ఉత్తరం చదివితే మీకు సాయంత్రం అనేదే లేకుండా పోయిందని అనిపించింది. బడి గంట కొట్టినప్పటి నుంచి ఇంట్లో స్టవ్ వెలిగించే దాకా ఎక్కడా తెరిపి లేదు. ఎదుట పాము పడగ విప్పినప్పుడు శరీరం ఏం చేస్తుందో, హెడ్మాస్టరు గారి గదికి రమ్మని కబురు వచ్చినప్పుడూ కొద్దో గొప్పో అదే చేస్తుంది: అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పాము పుట్టలోకి పోతే శరీరం దానంతట అదే సర్దుకుంటుంది. కబురు మీద కబురు వచ్చే రోజున మాత్రం సర్దుకోవడానికి వ్యవధి దొరకదు. అటువంటప్పుడు ‘ప్రశాంతంగా ఉండు’ అని మనసును గదమాయించి లాభం లేదు. శరీరానికి ఆ వ్యవధి ఇస్తే మనసు దాని వెనకే వస్తుంది.

ఇందుకు అన్నిటికన్నా దగ్గరి దారి ఊపిరి. ఈ వాక్యం చదువుతూనే ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపున, కుడిచేతి రెండు వేళ్ళు ఆనించి నాడి పట్టుకోండి. నెమ్మదిగా గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. గాలి వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం వేస్తుంది. కనుక వదలడాన్ని సాగదీయడంలోనే కిటుకంతా ఉంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలంతసేపు వదలండి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాం. బస్సులో సీటు దొరికిన రోజున కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు ఇలా చేస్తే చాలు. ఇంట్లోనైతే వదిలేటప్పుడు తుమ్మెద ఝంకారంలా గొంతులో సన్నగా ధ్వని చేసే భ్రామరి ఇంకా సులువు, ఎందుకంటే ధ్వని చేస్తూ ఎవరూ గాలిని గబగబా వదలలేరు. ఊపిరి బిగబట్టే కుంభకాలు మాత్రం గురువు లేకుండా వద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అసలు చేయకూడదు.

మెడ, భుజాల సంగతికి వస్తే, నల్లబల్ల మీద రాసే చేయి రోజంతా పైకే ఉంటుంది కాబట్టి ఆ బిగువు సహజమే. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు గత శతాబ్ది తొలి భాగంలో రూపొందించిన పద్ధతి ఒకటి మీకు పనికివస్తుంది. రెండు భుజాలనూ చెవుల దాకా ఎత్తి, ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. వదిలిన తరువాత భుజాల్లో వెచ్చగా, బరువుగా అనిపించే ఆ స్థితిని పది, పదిహేను సెకన్లు గమనిస్తూ ఉండాలి. తరువాత పిడికిళ్ళు, ఆపైన దవడ. దవడ బిగించుకుని తిరుగుతున్నామని చాలామందికి తెలియనే తెలియదు.

ఇంటికి ఒక స్టాపు ముందే దిగి నడవండి. పావుగంట నడక వల్ల వ్యాయామమూ అవుతుంది, బడికీ ఇంటికీ మధ్య ఒక గుమ్మమూ ఏర్పడుతుంది. ఆ పావుగంట ఫోను సంచిలోనే ఉండాలి. ఇల్లు చేరాక చేతులకు పని చెప్పి మనసుకు సెలవిచ్చే పని ఏదైనా మంచిదే. మా అమ్మ సాయంత్రం పూట అరుగు మీద గోంగూర కట్టలు ముందేసుకుని ఒక్కొక్క ఆకే గిల్లుతూ అరగంట కూర్చునేది. అది వంటపని అనుకునేవాణ్ణి. వైద్యం చదివాక గాని అది ఆవిడ విశ్రాంతి అని తెలియలేదు.

నిద్ర విషయంలో రెండు మాటలు. కెఫీన్ సగం తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది కనుక, ఐదింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మీ చివరి కాఫీ మధ్యాహ్నంతో సరిపెట్టండి. సాయంత్రానికి పలుచటి మజ్జిగ చాలు. రెండోది, పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులను కాగితం మీద రాసి పెట్టండి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, చేసిన పనులు రాసినవారి కంటే చేయవలసిన పనులు రాసినవారు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ‘అబ్బాయి ఫీజు’ అని పొడిగా కాక, ‘పదింటికి ఫీజు కట్టాలి, రసీదు బీరువాలో ఉంది’ అన్నంత వివరంగా రాయండి.

ఇంకొక మాట అడగకుండానే చెబుతున్నాను. అత్తగారి మందులు చూడటానికి ఆ ఇంట్లో మరో ఇద్దరు ఉండే ఉంటారు. ఆ పని వారిలో ఒకరికి అప్పగించండి. ఎత్తవలసిన దానికన్నా ఎక్కువ బరువు ఎత్తేవారికి ప్రాణాయామం చెప్పి పంపించడం వైద్యం అనిపించుకోదు.

ప్రశ్న: ఉద్యోగ ఒత్తిడికి మంచిదని మిత్రుడు చెబితే అశ్వగంధ చూర్ణం తెప్పించుకుని రోజూ పాలలో కలుపుకుని తాగుతున్నాను. సహజమైనదే కదా, ఎంతకాలమైనా వాడవచ్చా?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉమ్మెత్త కూడా సహజమైనదే. పెన్నేరుగడ్డ అని మన పల్లెల్లో పిలిచే ఈ వేరు ఒత్తిడిని, నిద్రలేమిని కొంత తగ్గిస్తున్నట్టు కొన్ని చిన్న పరీక్షల్లో కనబడిన మాట నిజం. అయితే అవన్నీ కొన్ని వారాల పాటు సాగినవే కనుక, ఏళ్ళ తరబడి వాడవచ్చని వాటిని బట్టి చెప్పలేం. కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి; డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దీన్ని నిషేధించింది. థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారు, గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు తీసుకోకూడదు. మీరు ఆపేసి, కావాలనుకుంటే అర్హత గల ఆయుర్వేద వైద్యుని సలహాతోనే మళ్ళీ మొదలుపెట్టండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: ఇటువంటి ఇంటి ఉపాయాలతో సరిపోదని ఎలా తెలుస్తుంది?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి కుదుటపడకపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా మానసిక వైద్యులను కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము ఏమీ ఉండదు. ఇంట్లోవారు కూడా తమవారి కోసం ఆ నంబరుకు ఫోను చేయవచ్చు.