కొత్త టీచరమ్మకి మేనత్త ఉత్తరం

అమ్మడూ,

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గరే పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఒకటి, రెండు తరగతులు నీకే ఇచ్చారట, ఇంకా సంతోషం. పిల్లల ఊహాశక్తి పెంచడానికి ఏం కొనాలత్తా అని అడిగావు. ఏమీ కొనకు. గోడ నిండా చార్టులుంటే చూడ్డానికొచ్చిన వాళ్ళకి బావుంటుంది. పిల్లలు వారం తిరిగేసరికి వాటివైపు చూడనైనా చూడరు.

మీ బడి చుట్టుపక్కల జీడితోటలకి కొదవలేదు కదా. ఓ జీడిపండు పిక్కతో సహా తెచ్చి బల్ల మీద పెట్టు. పిల్లల చేతికి మాత్రం ఇవ్వకు, పచ్చిపిక్క జీడి అంటితే చర్మం పొక్కిపోతుంది. మామిడికీ జామకీ గింజ లోపలుంటే దీనికి బయటెందుకుందర్రా అని అడుగు. నేనడిగినప్పుడు ఒకడు "లోపల ఉక్కపోసి వచ్చేసింది" అన్నాడు. వెనక వరసలో పిల్ల లేచి "కాదు టీచర్, ఏనుగులు దిగుతున్నాయేమో చూడ్డానికి" అంది. కొండవార ఊరి పిల్ల మరి, దాని భయం దానిది. ఇంకొకడు పిక్కకో గొంతూ పండుకో గొంతూ పెట్టి ఇద్దరికీ తగువు పెట్టేశాడు. ఆ పూట లెక్కలు సాగలేదులే.

అసలు సంగతి నీకు తెలిసిందే. మనం పండు అనుకునేది ఉబ్బిన కాడ, పిక్కే అసలు కాయ. అది పిల్లలకి చెప్పాలి, కానీ మర్నాడు చెప్పు. వెంటనే చెప్పేస్తే "ఓహో" అని ఊరుకుంటారు. ప్రశ్నని ఒక రాత్రి వాళ్ళ దగ్గరుంచితే ఇంటికెళ్ళి అమ్మనీ తాతనీ అడిగి, ఇంకో నాలుగు కథలు పట్టుకొస్తారు.

ప్రశ్న అడిగాక ఆగడం అన్నిటికన్నా కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికా ఆవిడ 1970ల్లోనే తరగతి గదుల్లో కూర్చుని గమనించి చెప్పింది: టీచర్లు ప్రశ్న వేసి సుమారు ఒక సెకను ఆగుతారట, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయట. చెప్పుకోడానికి మూడు సెకన్లే, క్లాసులో నిలబడితే తెలుస్తుంది ఎంత టెన్షన్‌గా ఉంటుందో. లోపల అంకెలు లెక్కపెట్టుకో. ఎప్పుడూ ముందు చెయ్యెత్తే ఇద్దరు ముగ్గురిని కాసేపు చూడనట్టు ఊరుకో.

భాష దగ్గర మాత్రం పంతం పట్టకు. పుస్తకం ఒడియాలో ఉంటుంది, ఇంట్లో కొందరు తెలుగు, కొందరు అక్కడి గిరిజనుల భాష సవర మాట్లాడతారు. కథ చెప్పేటప్పుడు "ఒడియాలో చెప్పు" అన్నావో, నోట్లో ఉన్న కథ నోట్లోనే ఆగిపోతుంది. ఏ భాష వస్తే ఆ భాషలో, కలిపేసి అయినా సరే, ముందు చెప్పనీ. ఒడియా మాటలు తరవాత నువ్వు అందించు. గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడికి బడిపంతులుగా వచ్చి, పనిగట్టుకుని సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పాఠాలు తయారుచేశారు. నువ్వంత చెయ్యక్కర్లేదు, ఓ పాతిక సవర మాటలు నేర్చుకో చాలు.

బొమ్మల క్లాసు అనగానే అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు వేసి ఇస్తారు. తిట్టకు, ఎవరో నేర్పితేనే వేస్తున్నారు. నువ్వు బోర్డు మీద బొమ్మ వేసి దించమనకు. "మహేంద్రతనయ ఏట్లో చేపకి మన వంతెన ఎలా కనబడుతుందో వెయ్యండి" అను. "మీ ఇంట్లో మంచం కింద ఏముందో వెయ్యండి" అను. సవరలు ఇంటి గోడల మీద వేసుకునే ఇడితాల్ బొమ్మలు చూశావు కదా, గుర్రాలూ ఏనుగుల పక్కనే సైకిలూ విమానమూ కూడా వచ్చి చేరతాయి. కానీ అవి వాళ్ళు దేవతలకీ పితరులకీ వేసుకునేవి. వాటిని క్లాసులో కాపీ కొట్టించడం నాకిష్టం లేదు. ఇంట్లో గోడ మీద ఏముందో సవర పిల్లాడే చెబుతానంటే మిగతావాళ్ళని కూర్చోబెట్టి విననీ.

పొడుపుకథలు అడిగి విప్పించడం అందరూ చేసేదే. "కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" (కంటిరెప్పలు) లాంటివి ఒకటి రెండు చెప్పాక, చీపురు మీదో గొడుగు మీదో వాళ్ళనే కట్టమను. పేరు చెప్పకుండా వస్తువు చెప్పాలంటే దాన్ని నాలుగువైపులా చూడాల్సిందే. మొదట్లో "నేను చీపురిని, నేనెవరు?" అంటారు, నవ్వకు.

బడులు చూసుకునే క్లస్టర్ కోఆర్డినేటర్, అదే సి.ఆర్.సి.సి. గారు వచ్చి ఇదంతా ఆటా, పాఠమా అంటే వాదన పెట్టుకోకు. పిల్లలు చెప్పిన కథలు వాళ్ళ మాటల్లోనే ఓ నోట్‌బుక్‌లో రాసి, తేదీ వేసి ఉంచు. జూన్‌లో ఒక్క ముక్కలో జవాబిచ్చిన పిల్ల నవంబరులో అరపేజీ చెబుతోందని ఆయనకి అందులోనే కనబడుతుంది. పాతపట్నం వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, నాక్కూడా చదవాలనుంది.

మీ అత్త