ట్రైలర్‌లో టోపీలు కాదు, ఆధారాలు చూడండి

ప్రశ్న: పాతకాలం నేపథ్యంలో డిటెక్టివ్ గేమ్ వస్తోందంటే నా మనసు ఆగదు. ట్రైలర్ నచ్చితే విడుదలకు ముందే కొనేయొచ్చా?

జవాబు: తొందరపడకండి. వాన, పొగ, పాత కార్లు చూపించడం తేలికే. కేసు మనం ఛేదిస్తామా, లేక గేమే చేయి పట్టుకుని నడిపిస్తుందా అన్నదే అసలు టెన్షన్. 2011లో వచ్చిన ఎల్.ఏ. నువార్‌నే తీసుకోండి, 1947 నాటి లాస్ ఏంజెలెస్, నటుల ముఖకవళికల్ని 32 కెమెరాలతో పట్టి, సాక్షి అబద్ధమాడుతున్నాడో లేదో ముఖం చూసి మనమే తేల్చుకునేలా చేశారు. బాగుంది, కానీ ప్రశ్నలు తప్పుగా వేసినా కథ చాలావరకు సాగిపోతుంది. అది నాకు నచ్చలేదు. 2018 నాటి రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్‌లో బొమ్మలకు రెండే రంగులు. 1807లో మనుషుల్లేకుండా తిరిగొచ్చిన ఓడ, అందులోని 60 మందికి ఏమైందో మనమే రాయాలి. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేనే గేమ్ ఔనంటుంది కాబట్టి గుడ్డిగా ఊహించడం కుదరదు (కొంచెం కుదురుతుంది లెండి). అందుకే ట్రైలర్ పక్కనపెట్టి, ఆడుతున్న వీడియో వచ్చేదాకా ఆగండి. అందులో ప్రతి ఆధారం మీదా మెరిసే గుర్తు కనిపిస్తే డిస్కౌంట్ వచ్చాకే కొనండి.