కొండెక్కలేకపోతే యాత్ర దండగేనా?

ప్రశ్న: పరిశుద్ధ దేశ యాత్రలో భాగంగా సీనాయి కొండకు పోతున్నాం. నాకు 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పైదాకా ఎక్కలేకపోతే యాత్ర దండగేనా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అక్కా, నాది కడప. ఎండకు మరిగిన ఒళ్లు. అక్కడ నన్ను దెబ్బతీసింది చలి. కొండ ఎత్తు 2,285 మీటర్లు. అర్ధరాత్రి దాటాక సెయింట్ కేథరిన్ మఠం దగ్గర బయల్దేరినాం. ఒంటెల దారి చాలా దూరం తీసుకుపోతుంది. చివరి 750 మెట్లు మాత్రం ఎవరి కాళ్లతో వాళ్లే ఎక్కాలి.

దారంతా ప్రార్థన చేసుకుందామనుకున్నా. ఎక్కడిది! ముందు నడిచే ఆయన అరిగిన చెప్పు మీద టార్చి వెలుగు, అదొక్కటే చూసుకుంటూ పోయినా. మెట్ల మధ్యలో కూలబడితే ఒక బెదూయిన్ (అక్కడి ఎడారి తెగ) పిల్లోడు టీ గ్లాసు చేతిలో పెట్టి, మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. హోరేబులో, అంటే ఈ సీనాయి కొండ మీదే, ఏలీయా ప్రవక్తకు దేవుడు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కనబడలేదని, మెల్లని స్వరమే వినబడిందని ఎన్నిసార్లు చదివానో. ఆ టీ తాగుతుంటే ఆ మాట నాకు తలకెక్కింది. పైన సూర్యోదయం బాగుంది గానీ, అంతా ఫోన్ల గోల.

మీరు మెట్ల మొదట్లోనే ఆగిపోండి. ఒంటె లేచేటప్పుడు ముందుకు తోస్తుంది, జీను గట్టిగా పట్టుకోండి. మంకీ క్యాప్ మర్చిపోవద్దు.